నాన్నగారు ఖాళీగా వదిలేసిన చోటు

నా నైట్ డ్యూటీ పొద్దున్న ఎనిమిదింటికి అయిపోతుంది. ఆసుపత్రి బ్లడ్ ల్యాబ్‌లో పన్నెండు గంటలు ట్యూబ్‌లైట్ల కింద పనిచేసి బయటికొచ్చాక బస్సెక్కితే త్వరగానే ఇంటికి చేరిపోవచ్చు. వాన లేని రోజుల్లో మాత్రం నేను బస్సెక్కను. బ్లాక్‌హీత్ మైదానం దాటి, గ్రీనిచ్ పార్కు పైగేటులోంచి లోపలికొచ్చి, చెస్ట్‌నట్ చెట్ల మధ్య నడుచుకుంటూ కొండ అంచు దాకా వస్తాను. అక్కడ నేల ఉన్నట్టుండి కిందికి జారుతుంది. ఎదురుగా లండన్. రాత్రంతా ఆ ఊళ్లోనే, ఆ ఊరివాళ్ల రక్తం సీసాలతోనే ఉంటాను కదా, అయినా అక్కడ నిలబడ్డాకే లండన్‌లో ఉన్నానని నాకు అనిపిస్తుంది. ఏడేళ్లుగా ఇదే అలవాటు.

అక్కడి నుంచి కనపడే దృశ్యాన్ని రెండొందల ఏళ్ల కిందటే ఒకాయన బొమ్మగా వేశాడని నాకు తెలియదు. అది తెలియజేసింది మా నాన్నగారు.

నాన్నగారు కాకినాడలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పోయినేడాది సెప్టెంబరులో మూడు నెలలు ఉందామని మా ఇంటికి వచ్చారు. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేయించుకుని రమ్మంటే, "వెళ్లొచ్చాక చేయించుకుంటాలే అమ్మలూ, మందుల సీసాలు పట్టుకుని విమానం ఎక్కలేను" అన్నారు. వచ్చేటప్పుడు కోటయ్య కాజాలు, అమ్మ పెట్టిన మాగాయ, ఒక స్కెచ్ పుస్తకం, రెండు పెన్సిళ్లు తెచ్చుకున్నారు. లండన్‌లో ఏం చూస్తారని అడిగితే ఆలోచించకుండా ఒక్క పేరే చెప్పారు. టర్నర్.

ఆ ఇంగ్లీషు చిత్రకారుడి పేరు నేను చిన్నప్పటి నుంచి వింటున్నదే. నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు నాన్నగారు నన్ను రాజమండ్రి దామెర్ల ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లారు. దామెర్ల రామారావు 1897లో పుట్టి, 1925లో ఇరవై ఏడేళ్లకే పోయారు. ఆయనలోని చిత్రకారుణ్ణి గుర్తించి చేయిపట్టి నడిపించిన వాళ్లలో ఓస్వాల్డ్ కూల్డ్రే ఒకరు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఇంగ్లీషాయన, స్వయంగా నీటిరంగుల బొమ్మలు వేసేవారు. ఆ రోజు గోదావరి గట్టు మీద కూర్చుని నాన్నగారు నాకు ఒక పాఠం చెప్పారు. అవతలి ఒడ్డు చూపించి, "ఆ చెట్లు ఏ రంగు?" అని అడిగారు. ఆకుపచ్చ అన్నాను. "సరిగ్గా చూడు" అన్నారు. చూస్తే నీలం. మసక నీలం. "దూరం అన్నిటికీ తన రంగు పూస్తుంది. నీకు తెలిసిన రంగు కాదు, కనపడిన రంగు వెయ్యాలి" అన్నారు. టర్నర్ పేరు మొదట విన్నది ఆ పాఠంలోనే. గాలికి రంగు వేసిన మనిషి అని చెప్పారు.

అలా ఒక బుధవారం, నా సెలవు రోజు, పిమ్లికో స్టేషన్‌లో దిగి టేట్ బ్రిటన్ చిత్రశాలకి వెళ్లాం. టర్నర్ పోయాక ఆయన దగ్గర మిగిలిన బొమ్మలన్నీ దేశానికి దక్కాయి. నూనెరంగుల చిత్రాలే మూడొందలకు దగ్గరగా ఉంటాయి, కాగితాల మీద వేసినవైతే వేలకు వేలు. 1987లో వాటి కోసమే క్లోర్ గ్యాలరీ అని ఒక భాగం కట్టారు. నాన్నగారు ఒక్కో బొమ్మ దగ్గర ముందు దూరంగా నిలబడి, తర్వాత ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లి చూస్తున్నారు. గది కాపలా ఆవిడ రెండుసార్లు లేచి వచ్చింది. "కళ్లు బాగాలేవండీ ఆయనకి" అని చెప్పాను. ఆవిడ నవ్వి, చేత్తో ఎంతవరకు వెళ్లొచ్చో చూపించి మళ్లీ కూర్చుంది.

ఒక బొమ్మ ముందు నేను ఆగిపోయాను. "నాన్నగారూ, ఇది నేను రోజూ నడిచే దారి!"

మరీ పెద్ద బొమ్మ కాదు. ఎత్తు తొంభై సెంటీమీటర్లు, వెడల్పు నూట ఇరవై. ముందు భాగమంతా పార్కు. ముదురు గోధుమ, ముదురు ఆకుపచ్చ కలిసిన నేల, చెట్లు, జింకలు. దాని కింద వెలుగు పడిన పల్లంలో తెల్లటి భవనాలు, జంట గుమ్మటాలు. వాటి వెనక మెలికలు తిరిగిన థేమ్స్ నది, నది నిండా ఓడలు. ఇంకా వెనక, అసలు ఊరు ఉండాల్సిన చోట, మసక. ఆ మసకలోంచి సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం వేలిగోరంత పైకి లేచి ఉంటుంది.

1809లో టర్నర్ దీన్ని తన సొంత గ్యాలరీలో పెట్టినప్పుడు ఇచ్చిన పేరు 'లండన్'. ఇప్పుడు గ్రీనిచ్ పార్కు నుంచి లండన్ అని చెప్తున్నారు గానీ, అప్పుడు ఉత్త లండన్. ఈ సంగతి తెలిశాక నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. లండన్ అని పేరు పెట్టిన బొమ్మలో లండన్ కనపడదు. జింకలు కనపడతాయి, గడ్డి కనపడుతుంది, ఆ జంట గుమ్మటాల ముసలి నావికుల ఆశ్రమం కనపడుతుంది. ఊరు మాత్రం ఒక పొగ చార. 1801లో మొదటిసారి జనాభా లెక్కలు తీస్తే దాదాపు పది లక్షల మంది తేలిన ఊరు అది. అంతమందిని ఆయన ఒక వేలెడు మసకలో పెట్టేశాడు.

దానితో పాటు ఒక పద్యం కూడా రాసి కేటలాగులో వేయించాడు టర్నర్. సారాంశం ఇదీ. బరువులు మోసే థేమ్స్ నీళ్లలో కిక్కిరిసిన తెరచాపల నీడలు. ఎటు చూసినా వ్యాపారపు తాపత్రయం, తీరికలేని చాకిరీ. అక్కడినుంచి ఆకాశానికి లేచే నల్లటి తెర ఊరి అందాన్ని మూసేసి, రూపం తెలియనివ్వడం లేదు. గుడి శిఖరాలు మాత్రమే ఆ గాలిని చీల్చుకుని, చింతల లోకంలో ఆశ మెరిసినట్టు మెరుస్తున్నాయి. పద్యం గొప్పదని నేను అనను. అయినా నైట్ డ్యూటీలు చేసే మనిషిగా తీరికలేని చాకిరీ అన్న మాట దగ్గర నా కళ్లు తడిసిన మాట నిజం. దూరం నుంచి చూసి అందంగా ఉందని వెళ్లిపోకుండా, ఆ పొగ కింద మనుషులు పనిచేస్తున్నారని గుర్తుపెట్టుకున్నాడు కదా అనిపించింది.

నాన్నగారు ఊరి వైపు చూడనే లేదు. జింకల దగ్గరే ఉండిపోయారు.

"ఏంటి నాన్నగారూ?"

"ఈ నలుపు చూడమ్మా. ముందర ఇంత చీకటి ఎందుకు పెట్టాడు? మధ్యాహ్నం ఎండలో పార్కు ఇంత నల్లగా ఉంటుందా? ఉండదు. మేఘం నీడ పడిందని సాకు చూపించి మన కాళ్ల కింద చీకటి పెట్టాడు. అందుకే ఆ తెల్ల భవనాలు అలా వెలుగుతున్నాయి." చేత్తో గాలిలో మూడు అడ్డగీతలు గీశారు. "ఇది నేల, ఇది వెలుగు, ఇది పొగ. మూడు మెట్లు. మన చూపు మెట్టు మెట్టు దిగి, ఆ పొగలో కాలుపెట్టేసరికి దారి తప్పుతుంది. అక్కడ గుమ్మటం చెయ్యి అందిస్తుంది."

నలభై ఏళ్లు పిల్లలకి కుండలు, అరటిపళ్లు, జెండా పండగ బొమ్మలు నేర్పిన మనిషి. టర్నర్ బొమ్మ ముందు నిలబడి అలా మాట్లాడుతుంటే నాకు ఎంత గర్వంగా అనిపించిందో రాయలేను.

టర్నర్ జీవితంలో నాన్నగారికి అన్నిటికన్నా ఇష్టమైన విషయం బొమ్మల గురించి కాదు, వాళ్ల నాన్న గురించి. టర్నర్ 1775లో కోవెంట్ గార్డెన్‌లో పుట్టాడు. తండ్రిది మంగలి పని. క్షవరానికి వచ్చినవాళ్లు చూసి కొంటారని కొడుకు బొమ్మల్ని షాపు కిటికీలో వేలాడదీసి, ఒకటి రెండు షిల్లింగులకు అమ్మేవాడు. పద్నాలుగేళ్లకే కొడుకు రాయల్ అకాడమీ స్కూల్లో చేరాడు. పేరొచ్చాక తండ్రి తన షాపు మానేసి కొడుకు దగ్గరికి వచ్చేశాడు. కాన్వాసులు బిగించడం, పూర్తయిన బొమ్మలకి వార్నిష్ పూయడం, గ్యాలరీకి వచ్చినవాళ్లని చూసుకోవడం, అన్నీ ఆయనే. 1829లో పోయేదాకా అలాగే చేశాడు. నాన్నగారు తిరుగు ప్రయాణంలో రైల్లో కూర్చుని ఇదంతా నాకు చెప్పి, "ఆ కాన్వాసు కూడా తండ్రి బిగించిందే అయ్యుంటుంది" అన్నారు. ఆ తర్వాత దిగేదాకా ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్న పార్కుకి వెళ్లాం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అందుకని కింది నుంచి ఎక్కించకుండా పైగేటు దాకా బస్సులో తీసుకెళ్లాను. ఫ్లాస్కులో టీ, డబ్బాలో ఉప్మా. జనరల్ వుల్ఫ్ విగ్రహం పక్కన బెంచీ దొరికింది. ఆ విగ్రహం 1930లో పెట్టారు కాబట్టి టర్నర్ బొమ్మలో ఉండదు. పీఠం మీద గుంటలు గుంటలుగా ఉంటే నాన్నగారు వేళ్లతో తడిమారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు ముక్కలు తగిలిన మచ్చలు అవి.

ఫోన్లో బొమ్మ తీసి ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కటి పోల్చుకున్నాం. సరిగ్గా కిందనే క్వీన్స్ హౌస్. ఇనిగో జోన్స్ కట్టిన తెల్లటి ఇల్లు, 1616లో మొదలుపెట్టి 1635 నాటికి పూర్తిచేశారు. దానికి రెండు పక్కలా ఉన్న స్తంభాల వరండాలు మాత్రం టర్నర్ ఈ బొమ్మ వేసే రోజుల్లోనే కడుతున్నారు. దాని వెనక నది ఒడ్డున జంట గుమ్మటాలు, అదే పాత నావికుల ఆశ్రమం. క్రిస్టఫర్ రెన్ దాన్ని కట్టేటప్పుడు క్వీన్స్ హౌస్ నుంచి నది కనపడే దారికి అడ్డం రాకూడదని భవనాన్ని రెండు సగాలుగా చీల్చి మధ్యలో ఖాళీ వదిలాడు. సెయింట్ పాల్స్ కూడా ఆయనదే. మా వెనకున్న అబ్జర్వేటరీ కూడా, 1675లో. అంటే టర్నర్ కూర్చుని గీసిన ఈ దృశ్యంలో సగం రెన్ కట్టిందే.

ఆ ఆశ్రమానికీ దూరపు గుమ్మటానికీ మధ్య ఇంకో ముడి ఉంది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో చనిపోయిన ఇంగ్లీషు నౌకాసేనాని నెల్సన్ శవాన్ని 1806 జనవరిలో ఇక్కడే పెయింటెడ్ హాల్లో మూడు రోజులు జనం చూడటానికి ఉంచారు. జనవరి 8న పడవల ఊరేగింపుతో ఇదే నది మీదుగా ఊళ్లోకి తీసుకెళ్లి, మర్నాడు సెయింట్ పాల్స్‌లో పాతిపెట్టారు. మూడేళ్లకు టర్నర్ ఈ బొమ్మ చూపించినప్పుడు చూసినవాళ్లకి అదంతా నిన్నటి మాట. వాళ్ల కళ్లు ఆ జంట గుమ్మటాల నుంచి నది వెంట మలుపు తిరిగి ఆ పొగలోని గుమ్మటం దాకా వెళ్లే ఉంటాయి. మాకు అందమైన వంపుగా కనపడ్డ నది వాళ్లకు ఒక శవయాత్ర దారి.

ఓడల దగ్గర నాన్నగారికి మా కాకినాడ గుర్తొచ్చింది. మా పాత రేవులో నీళ్లు లోతు చాలక పెద్ద ఓడలు సముద్రంలోనే దూరంగా లంగరు వేస్తాయి. సరుకు బార్జీల మీద ఒడ్డుకి రావాలి. జగన్నాథపురం కాలవ గట్టు మీద నిలబడి చిన్నప్పుడు ఆ బార్జీలు లెక్కపెట్టేదాన్ని. థేమ్స్ మీద కూడా అంతే. నది మధ్యలో ఓడలు కిక్కిరిసి నిలబడితే చిన్న పడవలు సరుకు దింపేవి. రోజుల తరబడి ఆలస్యం, మధ్యలో దొంగతనాలు. ఆ బాధ పడలేక వర్తకులు గోడలు కట్టి లోపలికి నీళ్లు మళ్లించి డాక్‌లు తవ్వించారు. వెస్ట్ ఇండియా డాక్‌లు 1802లో తెరిచారు, కొండ మీద నుంచి చూస్తే సరిగ్గా నది అవతల, ఇవాళ కెనరీ వార్ఫ్ టవర్లు ఉన్నచోట. ఈస్ట్ ఇండియా డాక్‌లు 1806లో, ఇంకాస్త కుడివైపు బ్లాక్‌వాల్‌లో.

ఆ రెండో పేరు మనకు పరాయిది కాదు. గోదావరి జిల్లాల నేతబట్టలకు ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్లు యానాం దగ్గర ఇంజరంలో, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో కొఠీలు పెట్టుకున్నారు. మాధవాయపాలెం వాళ్ల నోట మాదపొల్లం అయింది, ఆ తర్వాత ఒక రకం బట్టకే ఆ పేరు స్థిరపడింది. ఊరి పేరు బట్ట పేరుగా మారి దేశదేశాలు తిరిగింది. నేసినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. నాన్నగారి అమ్మమ్మ వాళ్లు ద్రాక్షారామం దగ్గర మగ్గాలవాళ్లే. ఆ బెంచీ మీద కూర్చుని ఆయన బ్లాక్‌వాల్ వైపు చాలాసేపు చూశారు.

నది ఇవతల ఇంత పచ్చగా, ఇంత నెమ్మదిగా జింకలు మేస్తుంటే అవతల దిగుతున్నది బానిసలు పండించిన పంచదార. బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించారు గానీ వెస్టిండీస్ తోటల్లో బానిసత్వం ఇంకా పాతికేళ్లకు పైగా సాగింది. టర్నర్ కూడా 1805లో జమైకాలో బానిసలతో నడిచే ఒక పశువుల ఎస్టేటులో వంద పౌన్లు పెట్టుబడి పెట్టాడు. 1840లో అదే టర్నర్ బానిసల్ని సముద్రంలోకి విసిరేసిన ఓడ బొమ్మ వేశాడు, చూసినవాళ్ల గుండె పగిలేలా. ఆ వంద పౌన్ల సంగతి తెలిసిన రోజు నాకు నిజంగా బాధేసింది. ఇంత ఇష్టపడ్డ బొమ్మ కాబట్టి ఇది దాచి రాయడం నాకు చేతకాదు.

పొగ గురించి కూడా ఒక మాట. అది పొగమంచు కాదు, చాలావరకు బొగ్గు పొగ. చలికాచుకోవడానికీ వండుకోవడానికీ ప్రతి ఇంట్లోనూ బొగ్గే. ఆ బొగ్గు న్యూకాసిల్ వైపు నుంచి ఓడల్లో, ఇదే నది మీద వచ్చేది. అంటే బొమ్మలో నది మీద తెల్లగా మెరిసే తెరచాపలకీ, వెనక ఊరిని మింగేసిన నల్లటి తెరకీ సంబంధం ఉంది. ముందర ఓడ వచ్చింది, వెనక పొగ లేచింది. నాన్నగారికి ఇది చెప్పగానే ఫోను మళ్లీ చేతిలోకి తీసుకుని, "అయితే ఇది ఒకే రంగు రెండు చోట్ల వేశాడన్నమాట" అన్నారు.

టీ తాగాక అబ్జర్వేటరీ దగ్గర సున్నా డిగ్రీల రేఖాంశం గీత చూపించాను. జనం వరసలో నిలబడి గీతకి అటొక కాలు, ఇటొక కాలు వేసి ఫోటోలు దిగుతున్నారు. నాన్నగారు ఫోటో వద్దన్నారు. తన వాచీ చూపించారు. వచ్చిన రోజు నుంచీ అది ఇండియా టైములోనే ఉంది, మార్చుకోలేదు. "మన టైము గీత ఎక్కడ ఉందో తెలుసా? ఎనభై రెండున్నర డిగ్రీలు. మన కాకినాడ పక్కనుంచే పోతుంది. పదిహేను డిగ్రీలకి గంట లెక్కన ఐదున్నర గంటలు. నువ్వు ఈ గీత పక్కన, మేం ఆ గీత పక్కన" అన్నారు. చలికాలంలో రాత్రి మూడింటికి ల్యాబ్‌లో నేను అమ్మకి ఫోన్ చేస్తే అక్కడ ఎనిమిదిన్నర, ఇడ్లీ పొయ్యి మీద ఉంటుంది. ఏడేళ్లుగా ఆ లెక్క వేళ్ల మీద వేసుకుంటున్నదాన్నే. అయినా అది భూమి మీద రెండు గీతల మధ్య దూరం అని ఆ రోజే నాకు తట్టింది.

అప్పుడు నాన్నగారు స్కెచ్ పుస్తకం తీశారు.

నలభై నిమిషాలు గీశారు. ముందు కొండ అంచు. తర్వాత క్వీన్స్ హౌస్ పెట్టె ఆకారం. జంట గుమ్మటాలు. నది మలుపుకి ఒకే ఒక్క గీత, చెయ్యి ఎత్తకుండా. కెనరీ వార్ఫ్ టవర్లు వదిలేస్తారేమో అనుకున్నాను, లేదు, అవి కూడా గట్టిగా నిలువుగీతలతో వేశారు. "ఉన్నది వెయ్యాలమ్మా. టర్నర్ ఉంటే అవే ముందు వేసేవాడు" అన్నారు. ఎండ వచ్చి పోతోంది. ఒక కుక్క వచ్చి ఉప్మా డబ్బా వాసన చూసి వెళ్లింది. పెన్సిలు మొద్దుబారితే జేబులోంచి బ్లేడు తీసి చెక్కుకుని, పొట్టు కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చారు. చిన్నప్పుడూ అంతే, ఆ పొట్లం చెత్తబుట్టలో వేసే ఉద్యోగం నాదే.

చివరికి పెన్సిలు ఎడమవైపు, దూరపు అంచు దగ్గర ఆగింది.

"గుమ్మటం ఎక్కడమ్మా?"

చెయ్యి చాచి చూపించాను. ఇక్కడినుంచి దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. ఈ విగ్రహం దగ్గర నుంచి సెయింట్ పాల్స్ కనపడే దారికి అడ్డంగా ఎత్తయిన కట్టడాలు రాకూడదని లండన్ ప్లానింగ్ నియమాల్లో రాసి ఉంది. అందుకే ఇన్ని టవర్లు లేచినా అది ఇంకా కనపడుతుంది, నాలాంటి కళ్లకి. నాన్నగారు అరచెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకున్నారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "కుడివైపు రెండు క్రేన్లు ఉన్నాయి చూడండి, వాటికి ఎడమగా, గుండ్రంగా" అన్నాను. చాలాసేపు చూశారు.

"లేదమ్మా. అంతా తెల్లగా ఉంది."

"నేను చెప్తాను కదా, ఎక్కడో. చుక్క పెట్టెయ్యండి."

"నాకు కనపడనిది నేను వెయ్యను" అన్నారు. కోపంగా కాదు, గోదావరి గట్టు మీద చెప్పినట్టే చెప్పారు. ఆ చోటు ఖాళీగా వదిలేసి, కింద తారీకు వేసి, పుస్తకం నా చేతికిచ్చేశారు.

టర్నర్ 1851 డిసెంబరు 19న చెల్సీలో నది ఒడ్డున ఒక చిన్న ఇంట్లో పోయాడు. ఆయన్ని పాతిపెట్టింది సెయింట్ పాల్స్‌లోనే. ముప్పై నాలుగేళ్ల వయసులో పొగలో వేలిగోరంత వేసిన గుమ్మటం కింద ఆయన ఇప్పుడు ఉన్నాడు. దిగి వస్తుంటే ఈ సంగతి నాన్నగారికి చెప్పాను. ఆయన ఆగి, వెనక్కి తిరిగి, ఏమీ కనపడని ఆ వైపు ఒకసారి చూసి దండం పెట్టుకున్నారు.

నాన్నగారు నవంబరు ఆఖరున వెళ్లిపోయారు. జనవరిలో కుడి కన్ను, మార్చిలో ఎడమ కన్ను ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు అమ్మ ఫోన్ చేసి, "డాబా మీదికి వెళ్లి గంటైంది, దిగట్లేదు. పక్కవాళ్ల కొబ్బరాకులు లెక్కపెడుతున్నారు" అని చెప్పింది.

మొన్న గురువారం నైట్ డ్యూటీ దిగి పార్కుకి వచ్చాను. రాత్రి గాలివాన కొట్టి వెలిసింది. ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు. గుమ్మటం మీద శిలువ కూడా కనపడుతోంది. ఆ వుల్ఫ్ విగ్రహం పక్కన నిలబడే నాన్నగారికి వీడియో కాల్ చేసి ఫోను అటు తిప్పాను. అక్కడ మధ్యాహ్నం రెండు. భోంచేసి పడుకోబోతున్నారు. ఫోన్లో అదేం కనపడుతుంది, తెల్లటి ఆకాశం తప్ప.

"వద్దులేమ్మా, ఫోన్లో వద్దు" అన్నారు. "మే నెలలో టిక్కెట్లు చూడు. మీ అమ్మ కూడా వస్తానంటోంది. ఆ పుస్తకం ఎక్కడ పెట్టావ్?"

"నా దగ్గరే ఉంది, బీరువాలో."

"ఆ పేజీ జాగ్రత్త. మరక పడనియ్యకు. నువ్వు గానీ చుక్క పెట్టలేదు కదా అందులో?"

పెట్టలేదని చెప్పాను.